కబురు మెత్తన చేసిన దుప్పి

అనగనగా ఒక కొండ అడవి, దాని కింద ఒక పెద్ద మడుగు. కొండకి రాజు ఏనుగు, మడుగుకి రాజు మొసలి. ఎండాకాలం కొండమీద వాగులు ఎండిపోతే జంతువులన్నీ మడుగుకి దిగి నీళ్ళు తాగాలి. అందుకని ఏనుగు తన తరఫున ఒక రాయబారిని మడుగు ఒడ్డున ఉంచింది. అతని పేరు కొమ్మన్న, జాతికి దుప్పి.

రాయబారం అంటే దర్జా ఉద్యోగం అనుకుంటున్నారా పిల్లలూ? పన్నెండేళ్ళు బురదలో నిలబడి కొమ్మన్న గిట్టలు నానిపోయాయి. మోకాళ్ళు పట్టేశాయి. ఎప్పుడైనా ఇంటికి వెళ్తే కొండవాళ్ళు "మడుగాయన వచ్చాడు" అని నవ్వేవారు. తిరిగొస్తే మడుగువాళ్ళు "కొండాయన వింటున్నాడు, మెల్లగా మాట్లాడండి" అనేవారు. పాపం, ఎటూ కాకుండా పోయాడు.

పని మాత్రం బాగా వంటబట్టింది. ఒకసారి ఏనుగు, "మా పిల్లల జోలికొస్తే ఆ మొసలి వీపు తొక్కేస్తానని చెప్పు" అంది. కొమ్మన్న కిందికి దిగి, "మా రాజుగారు మీ క్షేమం అడిగారండీ. పిల్లలు నీళ్ళకి వస్తున్నారు, కాస్త కనిపెట్టి ఉండమన్నారు" అన్నాడు.

ఇంకోసారి మొసలి, "మీ రాజు స్నానం పేరుతో నీళ్ళన్నీ బురద చేసి పోతోంది. మళ్ళీ వస్తే తొండం కొరికేస్తాను" అంది. కొమ్మన్న కొండెక్కి, "తమరు స్నానానికి వస్తే మడుగుకే అందమట. ఒడ్డు దగ్గరే చేస్తే ఇంకా బాగుంటుందట" అన్నాడు. ఏనుగు మురిసిపోయింది.

ఇలా గొడవలు లేకుండా ఏళ్ళు గడిచాయి. నాకు కొమ్మన్నంటే ఇష్టమే, ఆ మాట దాచను.

ఆ ఏడు వానలు లేవు. మడుగు సగానికి ఇంకిపోయింది. మొసలి రాజు కొమ్మన్నని పిలిచి నెమ్మదిగా చెప్పింది. "కొమ్మన్నా, చేపలు అయిపోయాయి. మావాళ్ళు ఆకలి మీద ఉన్నారు. తూర్పు రేవులో కాపు కాస్తున్నారు. నేను ఆపినా ఆగరు. మీవాళ్ళని అక్కడ దిగొద్దని చెప్పు. పడమటి రేవుకి రమ్మను."

కొమ్మన్నకి ఇంకో నెలలో ఉద్యోగం అయిపోతుంది. ఆయాసపడుతూ కొండ ఎక్కుతూ ఆలోచించాడు. 'ఉన్నదున్నట్టు చెబితే ఏనుగు మండిపడుతుంది. యుద్ధం అంటుంది. మళ్ళీ పైకీ కిందికీ తిరగాల్సింది నేనే. ఇక నావల్ల కాదు. ఈ నెల గడిస్తే చాలు.'

ఏనుగు ముందు నిలబడి, "తూర్పు రేవు ఈసారి కాస్త ఇబ్బందిగా ఉందట రాజా. వీలైతే పడమటి రేవుకి వస్తే సంతోషిస్తారట" అన్నాడు.

"పడమటి రేవు దూరం. ఇబ్బందైతే ఏముంది, సర్దుకుంటాంలే" అంది ఏనుగు.

కొమ్మన్న "సరే రాజా" అని దండం పెట్టి వెళ్ళి పడుకున్నాడు. అంత అలసిపోయి ఉన్నాడు మరి.

మర్నాడు పొద్దున్నే జంతువులు తూర్పు రేవుకి దిగాయి. అందరికన్నా ముందు చుక్కమ్మ అనే జింక, ఆమె కూన. కూన నీళ్ళలో మూతి పెట్టింది. మరి పైకి రాలేదు.

ఏనుగు ఘీంకరించింది. మొసలి రాజు ఈదుకుంటూ వచ్చింది.

"దిగొద్దని కబురు పంపానుగా" అంది మొసలి.

"నాకెవరు చెప్పారు?" అంది ఏనుగు.

ఇద్దరూ కొమ్మన్న వైపు చూశారు. కొమ్మన్న తల దించుకుని జరిగింది జరిగినట్టు చెప్పాడు. అతనికి ఏ శిక్ష వేయాలో ఏనుగుకి తోచలేదు.

చుక్కమ్మ అతని దగ్గరికి వచ్చింది. తిట్టలేదు. "అన్నా, అక్కడ మొసళ్ళు కాపు కాశాయని ఒక్క మాట చెప్పి ఉంటే, ఎంత దూరమైనా నడిచేదాన్ని కదా" అంది.

పన్నెండేళ్ళు రాజులిద్దరికీ సర్దిచెప్పిన కొమ్మన్న, పట్టేసిన మోకాళ్ళు వంచి ఆ తల్లి ముందు తల నేలకి ఆనించాడు.

నీతి: వినేవాళ్ళు నొచ్చుకుంటారని కబురులో చేదు తీసేస్తే, దానితోపాటు హెచ్చరికా పోతుంది.