నాలుగు చక్రాలూ లాగిన బండి

గుర్రాలమెట్ట అనే కొండ ఊళ్ళో, ఏ పనైనా సగం చేసి “సర్దుకుంటుందిలే” అని వదిలేసే లింగమూర్తి ఉండేవాడు. తలుపు గడియ సగమే బిగించేవాడు. కుక్క దూరి గంజి తాగిపోతే, కుండ కడుక్కుని మళ్ళీ పొయ్యి ముట్టించేది మాత్రం భార్య కాసులమ్మ.

అతనికో పాత పికప్ బండి ఉండేది. దానికి వెనక చక్రాలు రెండే లాగేవి. వానొస్తే కొండదారి బురదలో అది కదిలేది కాదు. ఆ ఏడు కాసులమ్మ వేసిన అనాస తోట మొదటిసారి విరగకాసింది. పళ్ళు మెత్తబడేలోగా సంతకు చేరాలని ఆమె ఆరాటం. సరే, బండికి నాలుగు చక్రాలూ లాగేలా చేయిస్తానన్నాడు లింగమూర్తి. ఎక్కడో పాత జీపు విప్పి అమ్ముతుంటే, దాని ముందు చక్రాలను తిప్పే ఇరుసు, అంటే యాక్సిల్, ముందుకూ వెనక్కూ ఇంజను బలాన్ని పంచేలా మధ్యలో పెట్టే గేరుపెట్టె కొనుక్కొచ్చాడు.

మెకానిక్ మస్తాన్ వాటిని చూసి పెదవి విరిచాడు. “బాబాయ్, దీని గేర్ల లెక్క వేరు, నీ వెనక యాక్సిల్ లెక్క వేరు. ముందు చక్రాలు ఒక వేగం, వెనకవి ఒక వేగం తిరుగుతాయి. ఆ జీపు వెనక యాక్సిల్ కూడా తెచ్చెయ్.”

“మళ్ళీ అంత దూరం ఎవడు పోతాడురా? తిరగ్గా తిరగ్గా అవే సర్దుకుంటాయిలే!”

“ఇనుము సర్దుకోదు బాబాయ్.”

కాసులమ్మ తల కొట్టుకుంది. “ఏమయ్యా, అంత విడమరిచి చెప్తున్నాడు కదా! వెళ్ళి తెస్తే నీ సొమ్మేం పోయింది?”

“బండి గురించి నీకేం తెలుసే?”

“బండి గురించి తెలీదు. నీ గురించి తెలుసు.”

అయినా వినలేదు. మస్తాన్, “రేపు నన్ననకు,” అంటూనే బిగించాడు.

సంత రోజున బండి నిండా అనాసపళ్ళు వేసుకుని ఇద్దరూ బయల్దేరారు. బురదలో చక్రాలు జారుతూ తిరిగాయి కాబట్టి తేడా తెలియలేదు. బండి చక్కగా బయటపడింది. “చూశావా!” అని లింగమూర్తి హారన్ కొట్టాడు కూడా.

బురద దాటాక ఎత్తుకు ఎక్కే రాతి దారి వచ్చింది. చక్రాలకు గట్టి నేల దొరికింది. ముందువి ఒక తీరున, వెనకవి ఒక తీరున లాగడం మొదలుపెట్టాయి. బండి మూలిగింది.

“ఏదో మూలుగుతోంది, ఆపు!” అంది కాసులమ్మ.

“కొత్త కదే, సర్దు...”

మాట పూర్తి కాకముందే కింద ఢామ్మని గేరుపెట్టె పగిలింది. బండి ఇక అంగుళం కదల్లేదు.

“ఇదివరకు రెండైనా లాగేవి కదయ్యా! అవి కూడా పోగొట్టావు!” అంటూ ఆమె గంప నింపుకుని నెత్తిన పెట్టుకుంది. లింగమూర్తి కూడా ఒకటి ఎత్తుకున్నాడు. ఇద్దరూ ఎంత మోసినా పావు వంతు పళ్ళు కూడా సంతకు చేరలేదు. ఈలోగా కొనేవాళ్ళు వెళ్ళిపోయారు. మిగతావి బండిలోనే ఎండకు మగ్గి, రసం కారాయి. వాటి మీద ఈగలు ముసిరాయి.

కాసులమ్మ ఆ పళ్ళ వంక చూస్తూ కూర్చుంది. లింగమూర్తి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

“ఏమైనా అనవే,” అన్నాడు.

“ఏమంటాను? ఇన్నాళ్ళూ సర్దుకున్నదాన్ని నేను. నువ్వేమో అన్నీ వాటంతటవే సర్దుకుంటున్నాయనుకున్నావు.”

లింగమూర్తి లేచి, ఖాళీ గంప తీసుకుని బండిలోని మెత్తబడిన పళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.

పిల్లలూ, మనం వదిలేసిన సగం పని ఎక్కడికీ పోదు, ఇంకొకరి నెత్తిన పడుతుంది. అందుకే మొదలుపెట్టిన పని పూర్తిగా చేయాలి.