తీతువు గొంతు ఎందుకు లేచింది

ఒకప్పుడు తీతువు పిట్టంత నెమ్మదస్తురాలు కొండల్లో ఇంకొకతె ఉండేది కాదు. పొడుగు కాళ్లతో మెల్లగా నడిచేది. తుమ్మొస్తే రెక్క అడ్డం పెట్టుకునేది. గుడ్లు కూడా అప్పట్లో చలికాలంలోనే పెట్టేది.

మంచుకొండ మీద ఒక చెరువుంది. చలి మొదలయ్యేసరికి ఉత్తరం నుంచి బాతులు అక్కడికి చుట్టాల్లా దిగేవి. వాటిని చూడటమంటే ఆ కొండకి పెద్ద అయిన మల్లు పడాల్‌కి ప్రాణం. పొద్దున్నే గొంగడి కప్పుకుని వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. ఆ కొండ మీద పిట్టల జోలికి ఎవరూ పోకూడదని కట్టుబాటు పెట్టింది కూడా ఆయనే.

ఆ ఏడు తీతువు ఆ గట్టు మీదే, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెట్టింది.

ఒక పొద్దున పడాల్ వచ్చి సరిగ్గా వాటికి బారెడు దూరంలో చతికిలబడ్డాడు. బాతులు కాస్త పక్కకి ఈదాయి. ఆయనా పిర్రల మీద కాస్త పక్కకి జరిగాడు.

తీతువు గబగబా ఆయన ముందుకొచ్చింది. "అయ్యగారూ, కాస్త అటు జరగండి. ఇక్కడ నా గుడ్లున్నాయి" అంది.

"ష్. పిట్టల్ని చూస్తున్నాను" అన్నాడు పడాల్.

"నేనూ పిట్టనే కదండీ."

"నువ్వు ఏడాది పొడుగునా ఉండేదానివేగా. అవి ఎంత దూరం నుంచి వచ్చాయో తెలుసా? గట్టిగా మాట్లాడకు, బెదిరిపోతాయి."

తీతువు మొగుడి దగ్గరికి పరుగెత్తింది.

"పెద్దమనిషి కదే, నొచ్చుకుంటాడేమో. మెల్లగా చెప్పి చూడు" అన్నాడు మొగుడు, తను గడ్డిలోకి తప్పుకుంటూ.

తిరిగొచ్చేసరికి పడాల్ మడమ ఒక గుడ్డుకి తగులుతోంది. "వెధవ రాళ్లు" అని గొణిగి, కాలితో నెట్టెయ్యబోయాడు.

తీతువు మర్యాద సంగతే మరిచిపోయింది. ఆయన చెవి దగ్గరికి దూసుకెళ్లి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది.

"తీ, తీ, కాలు తియ్యవోయ్!"

బాతులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పడాల్ ఎగిరి గంతేసి, గొంగడితో సహా నడుం లోతు చన్నీళ్లలో పడ్డాడు.

అక్కణ్ణించే వెనక్కి చూశాడు. తీతువు ఒక్కో గుడ్డునీ ముక్కుతో సర్దుకుంటోంది. ఒక్కటీ చితకలేదు.

"నిజంగా గుడ్లే" అన్నాడు, పళ్లు టకటక కొట్టుకుంటుంటే. "ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా."

తీతువు ఆఖరి గుడ్డు కూడా సర్దుకుంది. ఈ మనుషులతో మెల్లగా మాట్లాడి లాభం లేదని దానికి అర్థమైపోయింది.

అప్పటినుంచే, మనిషి అల్లంత దూరంలో కనబడగానే తీతువు "తీ, తీ, తియ్యవోయ్" అని కొండంతా వినబడేలా అరుస్తుంది. గుడ్లేమో, పిట్టల్ని చూసేవాళ్లంతా ఇళ్లకి పోయాక, ఎండలు ముదిరాకే పెడుతుంది. ఆ అరుపు వింటే కీడని కొందరు భయపడతారు. కీడూ లేదు, పాడూ లేదు. కాలు తియ్యమంటోంది, అంతే.