గడ్డకట్టని కొబ్బరి పుల్లైసు

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. చదివింది ఐదో తరగతి, రాసేది సరుకుల చీటీ. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు పెగలదు. మొన్న మా మనవరాలు రూపికకి పడుకోబోయే ముందు చెప్పిన కథ ఇది. చెప్పింది చెప్పినట్టే రాస్తున్నాను, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

అనగనగా కోనసీమలో ఒక ఊరు. ఊళ్ళో ఒక ఇల్లు, ఇంట్లో ఒక అత్త, పేరు నూకాలు. ఆవిడకో కోడలు. ఆ కోడలు కువైట్‌లో ఒకరింట్లో వంటకి కుదిరి, నాలుగేళ్ళకి నెల సెలవు మీద వచ్చింది. వెళ్ళేటప్పుడు చంకలో ఉన్న పిల్ల, వచ్చేసరికి బడికెళ్తోంది. తల్లిని చూసి, ఎవరీవిడ అని మామ్మ కొంగు వెనక దాక్కుంది.

ఊ కొడుతున్నావా? ఊ.

కువైట్‌లో కోడలికి ఫిలిప్పీన్స్ దేశం పిల్ల ఒకతె స్నేహం, పేరు మారితెస్. మనకిమల్లే వాళ్ళ దేశంలోనూ ఎటు చూసినా కొబ్బరిచెట్లేనట. వాళ్ళ ఊరి కొబ్బరి పుల్లైసు చెయ్యడం కోడలికి ఆ పిల్లే నేర్పింది. అది తిన్న పిల్లలు చేసినవాళ్ళ వెనకాలే తిరుగుతారని కూడా చెప్పిందట. కోడలు ఆ మాట మూటగట్టుకుని వచ్చింది. పిల్ల నన్ను మనసారా ఒక్కసారి అమ్మా అంటే ఇంక కువైట్ వెళ్ళనని మొగుడితో అంది.

మర్నాడు బొండాలు దింపించింది. దింపిన బొండాలు కొట్టించింది. కొట్టిన బొండాల్లో నీళ్ళు వంచింది. వంచిన నీళ్ళలో లేత కొబ్బరి గీరి వేసింది. తియ్యటి డబ్బాపాలు కలిపింది, గ్లాసుల్లో పోసింది, మూతికి కాగితం కట్టి పుల్లలు గుచ్చింది, ఫ్రిజ్జు పై అరలో పెట్టింది. బడి నుంచి వచ్చేసరికి పుల్లైసు ఇస్తానని పిల్లకి చెప్పింది.

ఇక నూకాలు సంగతి విను. ఆ ఫ్రిజ్జు కోడలి కష్టంతో వచ్చిందే. దాన్ని నూకాలు పసిబిడ్డలా చూసుకునేది. తువ్వాలు కప్పేది, బొట్టు పెట్టేది, మధ్యాహ్నం భోజనాలవగానే స్విచ్చి కట్టేసేది, పిల్ల బడి నుంచి వచ్చే ముందు మళ్ళీ వేసేది. మనం కునుకు తీసినట్టే మిషనుకీ విశ్రాంతి ఉండాలని ఆవిడ ఉద్దేశం. ఆవేళా అలవాటు చొప్పున కట్టేసింది.

సాయంత్రం తీస్తే పాలనీళ్ళు. పిల్ల చూసి మామ్మ ఒళ్ళోకి పోయింది.

డబ్బాపాలు ఎక్కువయ్యాయేమో అనుకుంది కోడలు. మళ్ళీ దింపించింది, కొట్టించింది, వంచింది, గీరింది, గుచ్చింది. సాయంత్రం తీస్తే పాలనీళ్ళు. అప్పుడు తట్టింది నూకాలుకి, ఇదంతా స్విచ్చి వల్లేనని. చెబుదామని నోరు తెరిచింది. అంతలో పిల్ల వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. తెరిచిన నోరు మూసుకుంది నూకాలు.

ఊ కొడుతున్నావా? కాస్త ఆగి, ఊ.

మూడో రోజు పిల్ల ఇద్దరు స్నేహితుల్ని తీసుకొస్తానంది. కోడలు మళ్ళీ దింపించింది, కొట్టించింది, వంచింది, గీరింది, గుచ్చింది. మధ్యాహ్నం నూకాలు స్విచ్చి దగ్గర చాలాసేపు నిలబడింది. కట్టేస్తే ఏమవుతుందో తెలుసు. తెలిసే కట్టేసింది.

"మీ ఇంటికొచ్చినావిడకి ఏదీ చేతకాదేంటే?" అని నవ్వింది వచ్చిన పిల్లల్లో ఒకతె.

"రాదు. మా మామ్మకే అన్నీ వచ్చు," అంది పిల్ల.

కోడలు గ్లాసులన్నీ పెరట్లో పారబోసి వచ్చింది. "నా చెయ్యి ఆ దేశంలోనే పనికొస్తుందత్తయ్యా, ఇక్కడికి పనికిరాదు," అంది. సెలవు అవగానే వెళ్ళిపోయింది. తరవాత రెండుసార్లు వచ్చింది గాని కొబ్బరి మాట ఎత్తలేదు. పిల్ల ఇప్పుడు అమ్మా అనే పిలుస్తుంది, చుట్టాలావిణ్ణి పిలిచినట్టు. అందరూ బాగానే ఉన్నారు. నీతి ఏమిటంటే, ఫ్రిజ్జుకి విశ్రాంతి అక్కర్లేదు. కథ కంచి దారి పట్టింది, మనం నిద్ర దారి పడదాం అన్నాను.

రూపిక ఊ అనలేదు. నావైపు తిరిగి అడిగింది.

"మామ్మా, ఆ అత్త తరవాతైనా చెప్పిందా?"

"లేదమ్మా."

"ఎందుకని?"

"పిల్ల తనని ఏమనుకుంటుందోనని."

"ఆ పిల్ల నేనేగా?"

"ఊ," అన్నాను.

అది గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున్నే పాలు కాచి దించి, కువైట్‌లో ఉన్న కోడలికి ఫోను చేశాను. "వేణీ, నీ చేతిలో ఏ లోపమూ లేదమ్మా. ఆ మూడు రోజులూ ఫ్రిజ్జు నేనే కట్టేశాను. మూడో రోజు తెలిసే కట్టేశాను," అన్నాను. రూపిక లేచి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఫోను దాని చేతికిచ్చి నేను పెరట్లోకి వెళ్ళిపోయాను.