చెదిరిపోయిన చుక్కలపల్లె

అనగనగా ఆకాశంలో ఒక చిన్న ఊరు ఉండేది తల్లీ. దాని పేరు చుక్కలపల్లె. అందులో ఉండేవాళ్ళంతా చుక్కలే. ఆ ఊరికి గోడ లేదు, కంచె లేదు. ఒకళ్ళనొకళ్ళు లాగి పట్టుకుని ఉండేవాళ్ళు, అంతే.

ఊరి నడుమ కెంపమ్మ అనే ముసలి చుక్క ఉండేది. వయసు మీదపడి ఎర్రబడిపోయింది పాపం. ఆమెకి ఇద్దరు మనవరాళ్ళు. పెద్దది తళుకు, చిన్నది మిణుకు.

ఆ పక్కనే పాలపుంత అనే మహాపట్నం ఉంది. దానికి పగ లేదు, జాలీ లేదు. బరువు మాత్రం ఉంది. ఆ బరువుకి చుక్కలపల్లె దాని చుట్టూ తిరుగుతూ తిరుగుతూ దగ్గరికి జారింది.

మొదటిసారి ఊరు పట్నం పక్కనుంచి పోయినప్పుడు దాని అంచులు ఊడిపోయాయి. పట్నం వైపున్నవాళ్ళు ముందుకి కొట్టుకుపోయారు. అవతలి వైపువాళ్ళు వెనకబడిపోయారు. ఊరంతా గొల్లుమంది.

"పోయినవాళ్ళు మళ్ళీ వస్తారా నాయనమ్మా?" అంది తళుకు.

"రారే. మీరిద్దరూ నన్ను వదలకండి" అంది కెంపమ్మ.

అప్పుడు మిగిలినవాళ్ళంతా దగ్గరదగ్గరగా జరిగారు. కానీ జనం తగ్గితే ఊరి పట్టు కూడా తగ్గదూ?

ఆ తర్వాత రెండోసారి వచ్చింది ఆ గండం. తళుకు పట్నం వైపు జారింది, మిణుకు అవతలి వైపు జారింది. ఎవర్ని పట్టుకుంటుంది ముసలిది? ఇద్దర్నీ లాగింది, ఉన్న బలమంతా పెట్టి లాగింది. మిణుకు నిలిచింది.

"నాయనమ్మా!" అని ఒక్క అరుపు అరిచి తళుకు వెళ్ళిపోయింది.



"అక్క దగ్గరికి మనమే పోదాం నాయనమ్మా" అంది మిణుకు ఒకనాడు.

"మన దారి మన చేతిలో ఉంటేగా" అంది కెంపమ్మ.

మూడోసారి ఇంక పట్టుకోవడానికి ఊరే మిగల్లేదు. మిణుకు ముందుకి పోయింది. కెంపమ్మ వెనకబడింది.

చచ్చిపోయారా అంటావా? లేదమ్మా. చస్తే ఆ బాధ అక్కడితో తీరేది. ఊరు నడిచిన దారినే ఒకళ్ళ వెనక ఒకళ్ళు, సన్నటి వాగులా పోతూనే ఉన్నారు. తళుకు ఎక్కడో ముందు. మిణుకు మధ్యలో. అందరికంటే వెనక ఆ ముసలిది. కెంపమ్మ పిలిస్తే, ఆ పిలుపు వచ్చేసరికి మిణుకు ఇంకా ముందుకి పోయి ఉంటుంది.

అప్పుడప్పుడు పాలపుంత చుక్కలు ఎదురవుతాయి.

"ఎవరమ్మా నువ్వు? ఏ ఊరు మీది?" అని అడిగింది ఒకామె, మంచిగానే.

"చుక్కలపల్లె" అంది మిణుకు.

"అదెక్కడ?"

మిణుకు ముందుకి చూసింది. వెనక్కి చూసింది. చూపించడానికి ఏమీ లేదు తల్లీ. అలాగే నడుస్తూ పోయింది.

కథ పోయింది కంచికి,
కునుకు రావాలి కంటికి.