గడియ లేని తలుపు

"పక్కీరప్ప మందు మింగడం లేదు ఉస్తాద్," అన్నాడు జిలాన్, ఖాళీ డబ్బీ గురువు ముందు పెడుతూ.

ఆదోనిలో మురాదుల్లా హకీం దగ్గర మందులు నూరడం నేర్చుకుంటున్నాడతను. అతను కట్టే ఉండల్లో ఆవగింజంత తేడా ఉండదు. వాటిని రోగుల ఇళ్లకు చేర్చి, దగ్గరుండి మింగించి రావడమూ అతని పనే. పరుపులు కుట్టే దూదేకుల పక్కీరప్పకు కొంతకాలంగా, ఎవరూ లేని గదిలో ఎవరెవరివో మాటలు వినిపిస్తున్నాయి.

"నాలుక కింద దాచుకుని, నేనిటు తిరగ్గానే దూదిలో ఉమ్మేస్తున్నాడు. నిన్న ఒకాయన పరుపు విప్పితే మన ఉండలు రాలాయట."

హకీం గడ్డం నిమురుకున్నాడు. "అయితే ఊళ్లో సగం మంది మన మందు మీదే నిద్రపోతున్నారన్నమాట."

జిలాన్‌కు నవ్వు రాలేదు. "అమావాస్యలోపు నయం కాకపోతే వాళ్లన్న గొలుసేసి కొట్టంలో కట్టేస్తానంటున్నాడు. నా ఉండల్లో లోపం లేదు ఉస్తాద్. ఆ మనిషిలోనే ఉంది."

"చెప్పులేసుకో," అన్నాడు హకీం.

పక్కీరప్ప ఉండే సందంతా మబ్బు దిగినట్టుంది. కిటికీలోంచి దూదిపింజలు తేలుతూ వచ్చి, ఎక్కడ వాలాలో తెలియనట్టు గాలిలోనే ఆగుతున్నాయి. లోపల దూదేకే విల్లు మోగుతోంది.

జిలాన్ ఎప్పటిలాగే తలుపు తోయబోయాడు. హకీం అతని చొక్కా పట్టుకుని ఆపాడు.

"పక్కీరప్పా, నేను మురాదుల్లాను. లోపలికి రావచ్చునా?"

విల్లు మోగుతూనే ఉంది. ఎండ గోడ దిగింది.

పక్కింటి వాకిట్లోంచి పక్కీరప్ప చెల్లెలు హుసేనమ్మ కేకేసింది. "తోసుకుని పోండి సామీ! లోపల గడియేసుకుంటాడని మా పెద్దన్న ఎప్పుడో పీకేసినాడు."

"గడియ లేదనేనమ్మా నిలబడింది."

చాలాసేపటికి లోపల్నుంచి మాట వినబడింది. "ఈ పొద్దు వద్దు."

"మంచిది," అని హకీం వెనుదిరిగాడు. మందు డబ్బీ జిలాన్ చేతిలోనే ఉండిపోయింది.

"అమావాస్య దగ్గర పడుతోంది ఉస్తాద్!"

హకీం మర్నాడూ వచ్చి అలాగే నిలబడ్డాడు. ఆ మర్నాడు విల్లు చప్పుడు ఆగింది.

"రా సామీ."

పక్కీరప్ప దూదిలో మోకాళ్ల దాకా మునిగి కూర్చున్నాడు. హకీంను ఎగాదిగా చూశాడు.

"నువ్వు పిలిచి వస్తావు. ఈ గదిలో మాట్లాడేవాళ్లు పిలవరు. అడగరు. వస్తారు, నెత్తిన కూచుంటారు, తిడతారు." జిలాన్ వైపు గడ్డం ఎత్తాడు. "ఈయప్ప కూడా అంతే. ఈయప్ప వాళ్ల మనిషేమో అనుకున్నా."

జిలాన్ తల దించుకున్నాడు.

"మందు ఎందుకు ఉమ్ముతున్నావు నాయనా?" అన్నాడు హకీం.

"మింగితే కళ్లు మూతలు పడతాయి. విల్లు చేతిలో నిలబడదు. పరుపులెవరు కుడతారు?"

"పని ముగిశాక మింగితే?"

పక్కీరప్ప ఆలోచించాడు. "అట్లయితే సరే," అని చెయ్యి చాపాడు.

ఆ తర్వాత జిలాన్ ఒక్కడే వెళ్లేవాడు, పొద్దు వాలే వేళకి. పిలిచి నిలబడేవాడు. కొన్నిరోజులు వాకిట్లోంచే తిరిగొచ్చేవాడు.

అమావాస్య నాడు అతను నిలబడి ఉండగానే పక్కీరప్ప అన్న వచ్చాడు, భుజాన గొలుసుతో. తలుపు మీద చెయ్యి వేయబోతే జిలాన్ ఆయన చొక్కా పట్టుకున్నాడు.

"ఏందిరా?"

"పేరు పెట్టి పిలువన్నా. పిలిచి ఆగు."

"నా తమ్ముణ్ని నేను అడిగి చూడాల్నా?" అన్నాడు అన్న. అయినా ఎందుకో పిలిచాడు. "ఒరే పక్కీరా..."

విల్లు ఆగింది.

"ఈ పొద్దు పనుందన్నా. రేపు రా."

ఆ గొంతు చాలా రోజుల కిందటి తమ్ముడిది. అన్న అక్కడే నిలబడిపోయాడు. గొలుసు మీద దూది వాలుతోంది.

మర్నాడు ఆయన మళ్లీ వచ్చాడు. చేతిలో సుత్తి, మేకులు, పాత గడియ. వాకిట్లో ఆగి, తమ్ముణ్ని పిలిచాడు.