యాకూబ్ తన ప్రసంగం తానే విన్న రోజు

శుక్రవారం ప్రసంగం ముగించి వచ్చిన యాకూబ్ ముఖం మాడిపోయి ఉంది.

"ఇంక నావల్ల కాదు బాబా. వారం రోజులు కూర్చుని రాసుకున్నాను. సగంమంది కునికిపాట్లు, మిగతా సగం గురక! ఈ ఉప్పు పనివాళ్లకు శ్రద్ధ అనేదే లేదు. వచ్చే వారమూ ఇంతే అయితే మళ్లీ నోరు విప్పను."

సుభాన్ బాబా ఆ ఊరి దర్గాకు పెద్ద, యాకూబ్‌కు గురువు. దగ్గుతో ఆయన గొంతు నానాటికీ పోతోంది. తన తర్వాత ఆ దర్గాలో జనానికి మంచి చెప్పేవాడు యాకూబేనని ఆయన ఆశ. అది యాకూబ్‌కూ తెలుసు. అందుకే అతనికి అంత ఉక్రోషం.

"రేపు ఉప్పుమడుల్లో వాళ్లతో ఓ పూట పనిచేసి రా నాయనా. వచ్చాక నీ కాగితాలు చూద్దాం," అన్నారు బాబా.

తెల్లారేసరికి యాకూబ్ మడిలో దిగాడు. పోలమ్మ అనే పెద్దావిడ అతని నెత్తిన ఉప్పుతట్ట పెడుతూ నవ్వింది.

"మెడ వంచబాకు అబ్బయ్యా, ఉప్పునీళ్లు కళ్లల్లో పడతాయి."

వంచనే వంచాడు. పడనే పడ్డాయి.

మధ్యాహ్నానికి నడుం పట్టేసింది, అరికాళ్లు భగ్గుమంటున్నాయి. దర్గాకు వచ్చి నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, బాబా అతన్ని జనం కూర్చునే చాప మీద కూర్చోబెట్టారు. తాను ఎదురుగా కూర్చుని, ఆ బొంగురు గొంతుతోనే, ఒక్క అక్షరం వదలకుండా యాకూబ్ ప్రసంగం చదవసాగారు. ఎంత ఇష్టంగా చదివారో!

మొదట్లోనే వచ్చే ముసలమ్మ కథను, తన మాటల్లోనే, బాబా నోట వింటూ యాకూబ్ మురిసిపోయాడు. ఆ తర్వాతి ఫార్సీ పద్యం మొదలయ్యేసరికి స్తంభానికి ఆనుకున్నాడు. దాని అర్థం ఏ పెద్దలు ఎలా చెప్పారో వివరించే చోట కాళ్లు చాపాడు. ఆ తర్వాత ఏమైందో అతనికి తెలియదు.

కళ్లు తెరిచేసరికి ఎండ వాలింది. తల కింద బాబా దిండు ఉంది. బాబా పక్కనే కూర్చుని, ఈగలు వాలకుండా విసనకర్రతో విసురుతున్నారు.

యాకూబ్ గబుక్కున లేచి కూర్చున్నాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

"ఎంతవరకు విన్నావు నాయనా?"

"ముసలమ్మ కథ దాకా బాబా. తన ముంతలో మిగిలిన గుక్కెడు నీళ్లు బాటసారికి ఇచ్చేస్తుందే, అక్కడిదాకా."

బాబా అతని తల నిమిరారు.

"శుక్రవారం అదొక్కటీ చెప్పు."