బండి ముందు కట్టిన ఫ్లెక్సీ

కడప మార్కెట్ యార్డు దగ్గర డీజిల్ పికప్ బండి నడుపుకునే ఓబులేసుకు, తాను చేసిన ప్రతి సాయం పదిమందీ చూడాలనే పిచ్చి ఉండేది.

మనిషి చెడ్డవాడు కాడు. అడిగితే కాదనేవాడు కాదు. కానీ ఎండాకాలంలో వీధి చివర చలివేంద్రం పెడితే కుండలు రెండే ఉండేవి, వాటి వెనక తన ఫోటో ఉన్న ఫ్లెక్సీ మాత్రం కరెంటు స్తంభం ఎత్తున ఉండేది. పక్కింటి ముసలాయనను ఆసుపత్రికి తీసుకుపోతే, ఆయన్ను మంచం మీద పడుకోబెట్టకముందే ఫోటో తీసి అందరికీ పంపేవాడు. ఈ అలవాటు మాన్పించే ప్రయత్నాన్ని భార్య నాగసుబ్బమ్మ ఎప్పుడో మానేసింది.

ఓబులేసు చెల్లెలు గంగాదేవి రాయచోటిలో ఉండేది. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. ఇద్దరు పిల్లలతో రేకుల కొట్టంలో ఉంటూ, ఆ పక్కనే ఇల్లు కట్టించుకుంటోంది. గోడలు లేచాయి, పైన ఇనప కమ్మీలు కట్టడం అయిపోయింది, ఇక స్లాబ్ పోయాలి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందనీ, శుక్రవారం సాయంత్రానికి వానలు మొదలవుతాయనీ టీవీలో చెప్పారు. మస్తాన్ మేస్త్రి ముఠా శనివారం బెంగళూరు పనికి బయల్దేరుతోంది. వాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియదు. కాబట్టి స్లాబ్ శుక్రవారమే పడాలి, అదీ ఒకే విడతలో పడాలి. సగం పోసి ఆపితే ఆ అతుకు దగ్గర ఇల్లు ఉన్నన్నాళ్లూ కారుతూనే ఉంటుంది.

కాంక్రీటు కలిపే మిల్లర్ మిషన్‌ను గంగాదేవి రాయచోటిలోనే మాట్లాడుకుంది. ఆ సంగతి ఫోన్‌లో చెబితే ఓబులేసు నొచ్చుకున్నాడు. పుట్టింటోళ్లు బతికుండగా బాడుగ మిషన్ ఏంటన్నాడు. కడపలో తన స్నేహితుడి మిల్లర్ ఉందనీ, దాన్ని తన బండికి తగిలించుకుని తానే తెస్తాననీ, సిమెంటు కూడా పుట్టింటి కానుకేననీ చెప్పాడు. గంగాదేవి ఒకటికి రెండుసార్లు అడిగింది. అతను ఒకటికి మూడుసార్లు మాటిచ్చాడు. ఆమె రాయచోటి మిషన్‌ను వద్దని చెప్పేసింది.

నాగసుబ్బమ్మ అప్పుడే ఒక మాట అంది. సిమెంటు మూటలు గురువారమే దింపేసి వద్దాం, శుక్రవారం తెల్లవారుజామున మిల్లర్ ఒక్కటే లాక్కుపోదాం అని. దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది. ఎక్కుడంతా మలుపులే. పైన మూటలు, వెనక మిషన్ రెండూ అంటే బండికి కష్టం.

ఓబులేసుకు ఆ సంగతి తెలియక కాదు. వేరే డ్రైవర్లు బరువెక్కువ వేస్తే తిట్టేది అతనే. కానీ గురువారం మూటలు దింపితే చూసేదెవరు? స్లాబ్ రోజు పొద్దున, మేస్త్రీ కూలీలూ వీధిలో వాళ్లూ నిలబడి ఉండగా, మూటలతో మిషన్‌తో ఒకేసారి దిగితే ఆ దర్జా వేరు. అందుకని అన్నీ ఒకే ట్రిప్పు అన్నాడు. అంతటితో ఆగకుండా ఫ్లెక్సీ కూడా కొట్టించాడు. నల్ల కళ్లద్దాలతో తన బొమ్మ నిలువెత్తున, చెల్లెలూ బావా చెరో మూలన అగ్గిపెట్టెంత, కింద ‘పుట్టింటి కానుక’ అని పెద్ద అక్షరాలు.

నాగసుబ్బమ్మ దాన్ని తిప్పి తిప్పి చూసింది.

"నా ఫోటో యాడ?"

"నువ్వు బండ్లోనే ఉంటావు గదా, మళ్లా ఫోటో ఎందుకు?"

శుక్రవారం చీకటి విడిచేసరికి బండి సిద్ధమైంది. ఓబులేసు తెల్ల చొక్కా, తెల్ల పంచె కట్టుకున్నాడు. ఫ్లెక్సీని బండి ముఖానికి, బానెట్ అంచు నుంచి బంపరు దాకా బిగించి నైలాన్ తాడుతో కట్టాడు. గాలి పోయే జాలీ మొత్తం మూసుకుపోయింది. నంబరు ప్లేటు కూడా కనిపించలేదు. ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్‌కు గాలెట్లా తగులుతుందని నాగసుబ్బమ్మ అడిగింది. వినాయకుడి ఊరేగింపులో ఇట్లాగే కట్టలేదా, ఏమైంది అన్నాడు. ఆ ఊరేగింపు నడిచే మనుషుల వెనక, చదును రోడ్డు మీద, ఖాళీ బండితో సాగిందని అతనికి గుర్తు రాలేదు.

చదునులో బండి బాగానే పోయింది. దారిలో టీ కొట్టు దగ్గర ఇద్దరు ఫ్లెక్సీ చూసి చెయ్యెత్తారు. ఓబులేసు హారన్ కొట్టాడు. ఘాట్ మొదలయ్యాక బండి గొంతు మారింది. మొదటి గేరులో మూలుగుతూ ఎక్కుతోంది. వెనక మిల్లర్ ప్రతి గుంతలోనూ వెనక్కి గుంజుతోంది. పొద్దున్నే ఉక్కపోత. వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేచింది.

"ముల్లు చూడు" అంది నాగసుబ్బమ్మ.

అతను వేలితో మీటరు అద్దం మీద కొట్టాడు. మీటరు పాతదైపోయిందన్నాడు. ఇంకో మలుపు తిరిగాక మాడిన వాసన వచ్చింది. ముందు పోతున్న లారీ బ్రేకులన్నాడు. ఎక్కుడులో లారీ బ్రేకులెందుకు వేస్తుందని ఆమె అడగలేదు, అతని ముఖం వంక చూసిందంతే. చివరికి అతనే బండిని పక్కకు తీసి నిలబెట్టాడు. ఇంజన్ తిరుగుతుండగానే కాసేపు చల్లారనిచ్చాడు. ముల్లు కొంచెం దిగింది.

నాగసుబ్బమ్మ కిందికి దిగి ముందుకు పోయింది. తాడు ముడి మీద చెయ్యి వేసింది.

"ఇది ఇప్పేద్దాం. ఊరు దగ్గరపడినాక మళ్లా కట్టుకో. నేనే కడతా."

అది తేలికైన పని. ముడి విప్పడానికి ఎంతసేపు? ఓబులేసు కూడా ఒక క్షణం ఆలోచించాడు. కానీ పైన గువ్వలచెరువులో పాలకోవా అంగళ్లు వరసగా ఉంటాయి. బస్సులు ఆగుతాయి, జనం ఉంటారు, తెలిసినవాళ్లు ఉంటారు. ముడి విప్పితే అక్కడ ఆగి మళ్లీ కట్టుకోవాలి, అందరి ముందూ. తన ఫోటో తానే కట్టుకుంటుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారు?

"ఇంగ నాలుగు మలుపులే. దానికి నేనొక ఉపాయం చేస్తా, నువ్వెక్కు" అన్నాడు.

ఆ ఉపాయం కేబిన్‌లో హీటరు పెట్టడం. ఇంజన్ వేడిలో కొంత లోపలికి లాగుతుందని డ్రైవర్లు కొందరు అట్లా చేస్తారు. అసలే ఉక్క, పైన హీటరు. నాగసుబ్బమ్మకు చెమటలు కారిపోయాయి.

"తాడు ఇప్పితే పోయేదానికి నన్ను ఉడకబెడతాండావా?"

అప్పుడే చెల్లెలు ఫోన్ చేసింది. కూలీలు వచ్చేశారట, కువైట్ నుంచి బావ వీడియోలో చూడ్డానికి పని మానుకుని కూర్చున్నాడట. ఎక్కడున్నారని అడిగింది.

"వచ్చేసినాం మ్మా. గువ్వలచెరువు దాటినాం. మేస్త్రికి చెప్పు, టెంకాయ రెడీగా పెట్టుకోమను" అన్నాడు ఓబులేసు.

నాగసుబ్బమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. బయట కొండ తప్ప ఏమీ లేదు.

చెల్లెలికి చెప్పిన మాట నిజం చేయాలని అతను యాక్సిలరేటర్ తొక్కాడు. ముల్లు ఎర్ర గీత దాటింది. బండి పీ పీ అని అరవడం మొదలుపెట్టింది. అతను పాటల శబ్దం పెంచాడు. రెండు మలుపులు అట్లాగే లాగాడు. మూడో మలుపు మధ్యలో ఇంజన్ లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడైంది. తెల్లటి పొగ కేబిన్ అద్దాన్ని కమ్మేసింది. బండి ఆగిపోయింది. ఆగి, వెనక బరువుకు మెల్లగా వెనక్కి జారింది.

అతను హ్యాండ్ బ్రేకు లాగి రెండు కాళ్లతో బ్రేకు తొక్కి పట్టాడు. నాగసుబ్బమ్మ దూకి, రోడ్డు పక్క రాళ్లు తెచ్చి మిల్లర్ చక్రాల వెనక ఒకటి, బండి చక్రాల వెనక ఒకటి తోసింది. అప్పుడు గానీ బండి నిలవలేదు.

తర్వాత ఓబులేసు తానే తాడు కోసేశాడు. ఫ్లెక్సీ వెనక పక్క పెనంలా కాలుతోంది. జాలీకి ఆనుకున్న చోట రంగు ఉడికి బుడగలు లేచింది. కళ్లద్దాల బొమ్మకు ముఖం లేకుండా పోయింది. రేడియేటర్ నీళ్లన్నీ ఆవిరైపోయాయి, ఇంజన్‌లో హెడ్ గ్యాస్కెట్ కాలిపోయింది. బండిని ఇక ఎవరో లాక్కుపోవలసిందే.

ఫోన్ మళ్లీ మోగింది. అతను చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. నాగసుబ్బమ్మ లాక్కుంది.

"గంగా, మేమింకా గువ్వలచెరువు దాటలేదు. ఘాట్‌లోనే ఉండాం. బండి పోయింది. నువ్వు ఆ మిషన్ ఆయప్పకు మళ్లా ఫోన్ చెయ్."

గంగాదేవి కొద్దిసేపటికి తిరిగి చేసింది. ఆ మిషన్ వేరే ఊరికి పోయిందట. ఊర్లో ఇంకేదీ ఖాళీ లేదట. ఆమె ఏడవలేదు, అరవలేదు. "దాటినామని ఎందుకు చెప్పినాడు వదినా? అప్పుడే చెప్పుంటే ఆ మిషన్ ఇంకా ఈడనే ఉన్నింది" అంది. ఫోన్ బయటికే వినిపించింది. ఓబులేసు రోడ్డు వైపు తిరిగాడు.

ఎండ ఎక్కాక, ఘాట్ ఎక్కుతున్న ఖాళీ ట్రాక్టర్ ఒకటి దొరికింది. మూటలూ మిషనూ రెండూ తీసుకుపొమ్మని ఓబులేసు బతిమాలాడు. ట్రాక్టర్ తోలే నడివయసు మనిషి రెండింటినీ చూసి నవ్వాడు.

"రెండూ ఒకేసారి ఎత్తుకుంటే నాది కూడా నీ దాని పక్కనే నిలబడతాది. ముందు మిషన్ పైన ఊర్లో పెట్టొస్తా. మళ్లా వచ్చి మూటలు ఎక్కించుకుంటా. ఆడి నుంచి చదునే గదా, రెండూ కలిపి లాగుతా."

రెండు ట్రిప్పులు. నాగసుబ్బమ్మ మొదట చెప్పిందీ అదే. ఆమె ఆ మాట ఇప్పుడు అనలేదు. ఆ అనకపోవడం ఓబులేసుకు తిట్టు కన్నా ఎక్కువ తగిలింది. మూటల మీద కూర్చోవడానికి ఆమె ఫ్లెక్సీని మడిచి వేసుకుంది.

రాయచోటి చేరేసరికి మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. ఇంటి ముందు వీధిలో వాళ్లు నిజంగానే నిలబడి ఉన్నారు. ట్రాక్టర్ డబ్బాలోంచి, చొక్కా నిండా మసితో ఓబులేసు దిగాడు. ఎవరూ చెయ్యెత్తలేదు. మస్తాన్ మేస్త్రి ఆకాశం వైపు చూశాడు. తూర్పున మబ్బు కట్టి ఉంది.

"టెంకాయ తర్వాత కొడదాం, ముందు మిషన్ తిప్పండి" అన్నాడు మేస్త్రి.

ఓబులేసు పంచె ఎగ్గట్టి తట్ట అందుకున్నాడు. కంకర మోశాడు, ఇసుక మోశాడు, మూటలు చింపి మిల్లర్‌లో పోశాడు. అలసిపోయి ఒకరిద్దరు కూలీలు కూర్చున్నా అతను కూర్చోలేదు. ఎవరూ ఫోటో తీయలేదు. అతనికి ఆ ధ్యాసే లేదు. పడమటి వైపు నుంచి స్లాబ్ నిండుతూ వచ్చింది. తూర్పు మూల చివరి తట్ట పడి, మేస్త్రి చదును చేస్తుండగా మొదటి చినుకులు పడ్డాయి.

పరదాలు తెచ్చి కప్పారు. పొద్దున పోసి ఉంటే ఈపాటికి సగం గట్టిపడి ఉండేది, పరదాలు సగం చాలేవి. ఇప్పుడు అంతా పచ్చిదే. తూర్పు మూలకు పరదా అందలేదు. చినుకులు లావయ్యాయి. కాంక్రీటు మీద సిమెంటు పాలు తేలి ఒక పక్కకు కారడం మొదలైంది. రెండేళ్లుగా రేకుల కింద పిల్లలతో ఉంటూ కట్టుకున్న ఇల్లది. గంగాదేవి నిచ్చెన మీద నిలబడి ఒక్కసారి చుట్టూ చూసింది.

"అన్నా, వదిన కాడ ఒక ఫ్లెక్సీ ఉంది గదా. ఇట్ల తే."

ఓబులేసు పరిగెత్తి తెచ్చాడు. విప్పి పట్టుకున్నాడు. బొమ్మ పైకి వచ్చేలా కప్పబోయి, ఆగి, తానే తిరగేశాడు. ముఖం కాంక్రీటు వైపు, తెల్లటి వెనక పక్క ఆకాశం వైపు. అంచుల మీద ఇటుకలు పెట్టాడు. వాన పూర్తిగా అందుకునేసరికి స్లాబ్ మొత్తం కప్పి ఉంది.

ఇల్లు నిలిచింది. కింద చుక్క కూడా కారలేదు. కానీ ఫ్లెక్సీ వచ్చేలోపు సిమెంటు కొట్టుకుపోయిన ఆ తూర్పు మూల మాత్రం గరుకుగా, కంకర తేలి ఉండిపోయింది. ఇప్పటికీ గంగాదేవి మిద్దె మీద శనక్కాయలు ఆరబోసి ఊడ్చేటప్పుడు, ఆ మూలన కాయలు సందుల్లో ఇరుక్కుంటాయి. చీపురు ఆగిపోతుంది. వంగి ఒక్కొక్కటే ఏరుకోవాలి. ఓబులేసు రాయచోటి పోయినప్పుడు ఆ మూల కాయలు అతనే ఏరుతాడు.

బండి బాగైంది. ఇప్పుడు దాని ముఖానికి ఏమీ ఉండదు. జాలీ, నంబరు ప్లేటు, అంతే. బరువెక్కువైతే రెండు ట్రిప్పులు వేస్తాడు. ఎవరికైనా మాటిచ్చి ఆలస్యమైతే, ఎక్కడున్నాడో అక్కడే ఉన్నానని చెబుతాడు.

సాయం చేయడానికి బయల్దేరినవాడు పని ఎలా జరుగుతుందో చూసుకోవాలి గానీ తాను ఎలా కనిపిస్తాడో చూసుకోకూడదు. కనిపించాలనే ఆరాటంతో చేసిన సాయం, అందుకునేవాళ్లకే కష్టమవుతుంది.